నలభై గజాల జాతకం

2017 మార్చి మొదటి వారంలో ఇండియానాపోలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జాన్ రాస్ అనే యువకుడు 40 గజాలు పరిగెత్తాడు. గడియారం 4.22 సెకన్లు చూపించింది. తొమ్మిదేళ్ళుగా చెక్కుచెదరకుండా ఉన్న 4.24 రికార్డు చెరిగిపోయింది. అదే నేల మీద, అదే స్థానం కోసం, అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని మరో కాలేజీ నుంచి వచ్చిన కూపర్ కప్ కూడా పరిగెత్తాడు. అతనికి 4.62 సెకన్లు పట్టింది. తేడా 0.40 సెకను. అంత వేగంలో ఉన్న మనిషి సెకనులో పదో వంతుకు సుమారు ఒక మీటరు పోతాడు. కాబట్టి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పరిగెత్తిస్తే, రాస్ గీత దాటేసరికి కప్ ఇంకా నాలుగు మీటర్ల వెనక రొప్పుతూ ఉంటాడు.

ఆ ఏప్రిల్‌లో జట్లు ఆటగాళ్ళను ఎంచుకున్నాయి. సిన్సినాటి బెంగాల్స్ తొమ్మిదో పిలుపులోనే రాస్‌ను తీసుకుంది. కప్ పేరు 69వ పిలుపు దాకా వినిపించలేదు. చివరికి లాస్ ఏంజెలెస్ రామ్స్ పిలిచింది. తొలి సీజన్‌లో రాస్ మూడంటే మూడు ఆటలు ఆడాడు, ఒక్క బంతి కూడా పట్టలేదు. కప్ 62 పట్టాడు. 2021లో కప్ 145 క్యాచ్‌లతో, 1,947 గజాలతో, 16 టచ్‌డౌన్‌లతో మూడు పట్టికల్లోనూ లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. ఆ సీజన్ తుది పోరు సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే. రాస్‌ను గాయాలు వదల్లేదు, ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. కానీ గాయాలు లేని రోజుల్లో కూడా ఆ నాలుగు మీటర్ల ఆధిక్యం మైదానంలో పెద్దగా కనబడలేదు.

మనం మాట్లాడుతున్నది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, ఎదుటివాళ్ళను గుద్దుకుంటూ ముందుకు తీసుకెళ్ళే ఆట అది. దాని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. కాలేజీల నుంచి వచ్చే కొత్తవాళ్ళను పంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్ వేలంలో డబ్బెక్కువ పెట్టినవాడిదే ఆటగాడు. ఇక్కడ వేలం ఉండదు, వంతు ఉంటుంది. కిందటేడు అందరికన్నా అధ్వాన్నంగా ఆడిన జట్టుకు మొదటి వంతు. అలా ఏడు విడతల్లో రెండువందల యాభైకి పైగా కుర్రాళ్ళు జట్లలో చేరతారు. ఒక్కసారి వంతు వృథా అయితే ఆ జట్టు నాలుగేళ్ళు ఏడవాల్సిందే. అందుకని ఎంపికకు ముందు ఏటా మూడువందల మందికి పైగా ఆటగాళ్ళను ఒకచోటికి పిలిచి కొలుస్తారు. ఆ సంతకే కంబైన్ అని పేరు.

సంత అన్న మాట వెటకారానికి వాడలేదు. ఎత్తు, బరువు, చేతి పొడవు, అరచేతి వెడల్పు కొలుస్తారు. నిలబడ్డచోటు నుంచి పైకి ఎంత ఎగరగలడు, ముందుకు ఎంత దూకగలడు, 225 పౌండ్ల బరువును, అంటే సుమారు 102 కిలోలను, పడుకుని ఎన్నిసార్లు పైకెత్తగలడు, మూడు శంకువుల చుట్టూ ఎల్ ఆకారంలో ఎంత చురుగ్గా మలుపు తిరగగలడు, ఇవన్నీ పట్టికలోకి ఎక్కుతాయి. అన్నిటికీ రాజు మాత్రం 40 గజాల పరుగే. గజమంటే మన ఇళ్ళ స్థలాలు కొలిచే గజమే. మొత్తం 36.58 మీటర్లు. ఈ దూరాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కోచ్ పాల్ బ్రౌన్ పేరు చెబుతారు. కాలితో తన్నిన బంతి సుమారు 40 గజాలు పోతుందనీ, అది కింద పడేలోగా ఎవడు అక్కడికి చేరగలడో చూడాలనీ ఆయన లెక్క అంటారు. ఆ ఒక్క సందర్భానికి అది సబబే. మిగతా ఆటలో అడ్డు లేకుండా తిన్నగా 40 గజాలు పరిగెత్తే అవకాశం ఆటగాడికి ఎన్ని వారాలకొకసారి వస్తుందో? ఒక్కో ఎత్తుగడ కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. అందులోనూ తలకు హెల్మెట్, భుజాలకు దళసరి ప్యాడ్లు, ఎదురుగా నూట ఇరవై కిలోల మనిషి. కంబైన్‌లో మాత్రం బిగుతు బనీను, నిక్కరు, ఖాళీ దారి.

ఈ పరీక్షల మీద జోకులేసేవాళ్ళందరూ టామ్ బ్రాడీ పేరు తీస్తారు. 2000 కంబైన్‌లో అతను 40 గజాలకు 5.28 సెకన్లు తీసుకున్నాడు. పైకి ఎగిరింది 24.5 అంగుళాలు. నిక్కరు మాత్రమే వేసుకుని, కండలేని ఒంటితో నిలబడ్డ అతని ఫొటో ఈనాటికీ నవ్వులపాలవుతూనే ఉంది. 199వ పిలుపులో అతన్ని తీసుకునేలోగా అతనిలాగే బంతి విసిరే స్థానంలో ఆడే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు అమ్ముడైపోయారు. వాళ్ళలో ఒకడైన జియోవాని కార్మాజీని శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 65వ పిలుపులోనే తీసుకుంది. లీగ్ సీజన్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండానే అతని కథ ముగిసింది. బ్రాడీ ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

కథ బాగానే ఉంది. కానీ సైన్సుకు ఒక్క మనిషి కథ సరిపోదు. 4.22 సెకన్ల రాస్ తేలిపోయాడు సరే, 4.24 సెకన్ల క్రిస్ జాన్సన్ మాటేమిటి? 2008లో టెనెసీ టైటన్స్ అతన్ని 24వ పిలుపులో తీసుకుంది. మరుసటి ఏడాదే బంతి పట్టుకుని 2,006 గజాలు పరిగెత్తాడు. ఒకే వేగం, రెండు జాతకాలు. అందుకే విడి మనుషులను పక్కన పెట్టి గుంపు మొత్తాన్ని చూడాలి.

అలా చూసినవాళ్ళలో లూయీవిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ కుజ్మిట్స్, ఆర్థర్ ఆడమ్స్ ముఖ్యులు. క్వార్టర్‌బ్యాక్‌లు, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు, విసిరిన బంతిని పట్టే వైడ్ రిసీవర్‌ల కంబైన్ అంకెలను ఒక పక్క, లీగ్‌లో వాళ్ళ ఆటతీరును మరో పక్క పెట్టి 2008లో ఫలితం ప్రచురించారు. రెంటికీ మధ్య నిలకడైన సంబంధం దొరకలేదు. ఒకే ఒక్క మినహాయింపు, రన్నింగ్ బ్యాక్‌ల పరుగు వేగం. 2011లో బ్రయన్ లయన్స్ బృందం ఇంకొంచెం ముందుకెళ్ళి, కాలేజీలో ఆడిన ఆటనూ ఈ పరీక్షలనూ పోటీకి పెట్టింది. కాలేజీ ఆటే గెలిచింది. ఇది తెలుసుకోవడానికి పరిశోధన కావాలా అని మీరు అడగొచ్చు. వంట బాగా చేస్తాడో లేదో తెలియాలంటే వండిన కూర రుచి చూడాలి గానీ కత్తిపీట మీద చేతి వేగం కొలిస్తే ఏం లాభం? కప్ కాలేజీలో పట్టిన బంతులు 428, సంపాదించిన గజాలు 6,464. కూర వడ్డించే ఉంది. జట్లు గడియారం వంక చూశాయి.

ఇక్కడితో ఆపేస్తే మనం తప్పు పాఠం నేర్చుకున్నట్టే. వేగానికీ విజయానికీ సంబంధం కనబడలేదంటే వేగం అక్కర్లేదని అర్థమా? ఈ చిక్కుముడి విప్పాలంటే ఫుట్‌బాల్ మైదానం వదిలి రెండో ప్రపంచ యుద్ధంలోకి వెళ్ళాలి.

అమెరికా సైనిక వైమానిక దళానికి పైలట్లు కావాలి. ఎవరు శిక్షణ పూర్తి చేయగలరో ముందే పసిగట్టడానికి మనస్తత్వవేత్తలు ఒక పరీక్షల వరుస తయారుచేశారు. అది పని చేస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక సాహసం చేశారు. మార్కులు ఎన్ని వచ్చినా సరే, వెయ్యి మందికి పైగా అభ్యర్థులను ఎవరినీ వడకట్టకుండా శిక్షణకు పంపారు. ఆ గుంపు మొత్తంలో పరీక్ష మార్కులకూ శిక్షణ ఫలితానికీ మధ్య సహసంబంధం 0.64 అని తేలింది. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం. మనుషుల మీద పెట్టే పరీక్షల్లో 0.64 రావడం మామూలు విషయం కాదు. తరువాత అదే లెక్కను పైమెట్టులో ఉన్న 13 శాతం మందికే పరిమితం చేసి మళ్ళీ వేశారు. మామూలు నిబంధనల ప్రకారమైతే ఎంపికయ్యేది వాళ్ళే. సహసంబంధం 0.18కి పడిపోయింది. పరీక్ష అదే, పైలట్లూ వాళ్ళే. చూసిన కిటికీ చిన్నదైంది, అంతే. రాబర్ట్ థార్న్‌డైక్ 1949లో ఈ లెక్క చూపించాక, ఎంపికైన వాళ్ళను మాత్రమే చూసి ఎంపిక పరీక్షకు మార్కులు వేయకూడదన్నది గణాంక శాస్త్రంలో తొలిపాఠమైంది.

మన ఇళ్ళల్లో ఈ సంగతి వేరే రూపంలో తెలిసినదే. ఐఐటీలో సీటొచ్చిన పిల్లల్లో ప్రవేశ ర్యాంకు ముందున్నవాడే క్లాసులో ఫస్టొస్తాడని పందెం కాయడానికి ఎవరూ ముందుకు రారు. అంతమాత్రాన లెక్కలు రానివాణ్ణి తీసుకెళ్ళి ఆ క్లాసులో కూర్చోబెట్టమనీ ఎవరూ అనరు.

కంబైన్‌కు వచ్చేవాళ్ళు ఇలా ఒకటికి నాలుగుసార్లు వడపోతలో నిలిచినవాళ్ళు. హైస్కూల్ జట్టులో వడపోత, కాలేజీలో వడపోత, కాలేజీలో ఆడే అవకాశం దగ్గర మరో వడపోత, చివరికి ఆహ్వానం. కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళలో నూటికి ఇద్దరైనా ఎన్‌ఎఫ్‌ఎల్ గడప తొక్కరు. కూపర్ కప్ నిదానస్తుడని అక్కడి పత్రికలు రాశాయి. 36 మీటర్లు 4.62 సెకన్లలో పరిగెత్తే నిదానస్తుణ్ణి మన ఊళ్ళో ఎంతమంది అందుకుంటారు? అతను నిదానం అయింది ఆ మూడువందల మందిలోనే.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నాకైతే మొదటి దానికన్నా ఇదే ఇష్టం. నిదానంగా పరిగెత్తే రిసీవర్‌ను అసలు కంబైన్‌కు ఎందుకు పిలుస్తారు? వేరే ఏదో అసాధారణంగా ఉంటేనే కదా. 428 క్యాచ్‌లుంటేనే కదా. మెరుపులా పరిగెత్తేవాడికి ఆ మెరుపు ఒక్కటే ఆహ్వానం తెచ్చిపెట్టవచ్చు, చేతులు అంతంతమాత్రమైనా సరే. అంటే తలుపు దగ్గర నిలబడి రెంటిలో ఏదో ఒకటి ఉన్నవాళ్ళనే లోపలికి పంపితే, లోపలున్న వాళ్ళలో వేగం ఎక్కువున్నవాడికి నేర్పు తక్కువనిపిస్తుంది. బయటి ప్రపంచంలో ఆ రెంటికీ శత్రుత్వం లేదు, తలుపే దాన్ని పుట్టించింది. ఆసుపత్రి రోగుల లెక్కల్లో ఇదే మాయను జోసెఫ్ బెర్క్‌సన్ 1946లో బయటపెట్టాడు. కాబట్టి 'స్లోగా పరిగెత్తేవాళ్ళే గొప్పవాళ్ళవుతారు' అని బ్రాడీనీ కప్‌నీ చూపించి వాదించేవాళ్ళు తలుపును మరిచిపోయినట్టు.

విజయాన్ని కొలవడంలోనూ ఇబ్బంది ఉంది. బాగా పరిగెత్తినవాణ్ణి ముందు విడతలో తీసుకుంటారు. ముందు విడతలో తీసుకున్నవాడికి డబ్బెక్కువ పెట్టారు కాబట్టి తప్పులు చేసినా ఆడిస్తారు. ఆరో విడతలో వచ్చినవాడు మొదటి నెలలో రెండు బంతులు జారవిడిస్తే సామాను సర్దుకోవాల్సిందే. అప్పుడు కెరీర్ మొత్తంలో ఆడిన ఆటల సంఖ్యను విజయమనుకుంటే, 40 గజాల వేగం విజయాన్ని భలేగా ఊహించినట్టు కనబడుతుంది. నిజానికి అది ఊహించింది మేనేజర్ల మొహమాటాన్ని. డేవిడ్ బెర్రీ, రాబ్ సిమన్స్ అనే ఆర్థికవేత్తలు 2011లో క్వార్టర్‌బ్యాక్‌లను పరిశీలిస్తే సరిగ్గా ఇదే దొరికింది. ఎత్తు, పరుగు వేగం వంటి కంబైన్ అంకెలు ఎంపిక వరుసను ప్రభావితం చేస్తున్నాయి, మైదానంలో ఆటతీరును మాత్రం చెప్పలేకపోతున్నాయి. ఇంకా మొహమాటం లేని అంకె కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్‌లది. థేలర్ తరువాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు ఆటగాళ్ళను డ్రాఫ్ట్‌లో ఒకరి వెంట ఒకరిని ఎంచుకుంటే, ముందు ఎంచుకున్నవాడే మెరుగ్గా తేలే అవకాశం ఎంత? 52 శాతం. నాణెం ఎగరేస్తే 50. కోట్ల డాలర్లు, స్కౌట్ల సైన్యం, కంబైన్ పట్టికలు, వీడియోలు అన్నీ కలిపి కొనిపెట్టింది ఆ రెండు శాతం.

ఇక పరీక్ష కోసమే చదివే విద్యార్థి. కోచింగ్ సెంటర్ల మధ్య పెరిగిన మనకు ఈ అంకం వివరించనక్కర్లేదు. 1995లో బోస్టన్ కాలేజీ ఆటగాడు మైక్ మములా సరిగ్గా కంబైన్‌లో పెట్టే పరీక్షలనే నెలల తరబడి సాధన చేసి వెళ్ళాడు. సుమారు 112 కిలోల మనిషి 40 గజాలను 4.58 సెకన్లలో దాటాడు, బరువును 28 సార్లు ఎత్తాడు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ వంతు మార్చుకుని మరీ ఏడో పిలుపులో అతన్ని తీసుకుంది. వంతు ఇచ్చిన టాంపా బే జట్టు వెనక్కి జరిగి 12వ పిలుపులో వారెన్ శాప్‌ను తీసుకుంది. మములా ఐదు సీజన్లు ఫరవాలేదనిపించేలా ఆడాడు. శాప్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు. ఆనాటికి మములా చేసింది కొత్త. ఈనాడు కాలేజీ సీజన్ అయిన మర్నాటి నుంచే ఆటగాళ్ళు ప్రత్యేక శిక్షణ కేంద్రాల్లో చేరి, మొదటి అడుగు ఎలా వేయాలి, ఏ కోణంలో వంగాలి అని వారాల తరబడి రుద్దుతారు. కొలమానం లక్ష్యంగా మారిన రోజున అది మంచి కొలమానంగా మిగలదని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుమీద ఒక సూత్రం ఉంది. ఆయన ద్రవ్య విధానం గురించి చెప్పాడు గానీ, కంబైన్ చూసి చెప్పాడన్నా నమ్మొచ్చు. ఒట్టి కండబలం లెక్కకు తార్కాణం కావాలంటే 1999లో జస్టిన్ ఎర్నెస్ట్ ఉన్నాడు. 225 పౌండ్లను 51 సార్లు ఎత్తాడు. అతన్ని డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు.

మరి రన్నింగ్ బ్యాక్‌ల దగ్గర పరుగు వేగం ఎందుకు పని చేసింది? ఆలోచిస్తే ఇది సహజమే. బంతి చంకలో పెట్టుకుని సందు దొరగ్గానే దూసుకుపోవడమే వాళ్ళ పని. పరీక్ష కూడా దాదాపు అదే పని చేయిస్తుంది. పరీక్ష పనికి ఎంత దగ్గరగా ఉంటే అంత నిజం చెబుతుంది. ఇంకో సంగతి, తేలికైన మనిషి వేగంగా పోవడంలో వింత లేదు. బరువైనవాడు అదే వేగంతో వస్తే గుద్దుడు వేరేగా ఉంటుంది. దీన్ని పట్టుకుని 2008లో బిల్ బార్న్‌వెల్ స్పీడ్ స్కోర్ అనే లెక్క ప్రతిపాదించాడు. పౌండ్లలో బరువును 200తో గుణించి, పరుగు సమయాన్ని నాలుగుసార్లు రాసి ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే సంఖ్యతో భాగించాలి. 200 పౌండ్లవాడు 4.5 సెకన్లలో పరిగెత్తితే సుమారు 98 వస్తుంది. అదే సమయం 225 పౌండ్లవాడిదైతే 110. మన 197 పౌండ్ల క్రిస్ జాన్సన్‌ది 122. ఒంటరి అంకెకన్నా ఈ జోడీ రన్నింగ్ బ్యాక్‌ల విషయంలో మెరుగ్గా పని చేసింది. క్వార్టర్‌బ్యాక్‌కు దీన్ని అంటగడితే నవ్వులాటే. అతని పని మూడు సెకన్లలోపు పదకొండుమంది కదలికలు చదివి బంతి విసరడం. దాన్ని కొలిచే గడియారం ఇంకా ఎవరూ తయారుచేయలేదు. పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నలుండే వండర్లిక్ అనే తెలివితేటల పరీక్షతో ఆ పని చేద్దామని ఏళ్ళ తరబడి చూశారు. ఆ మార్కులకూ ఆటకూ సంబంధం దాదాపు శూన్యమని లయన్స్ బృందమే 2009లో చూపించింది. కొన్ని స్థానాల్లో తక్కువ మార్కులవాళ్ళే కాస్త మెరుగ్గా ఆడారట! 2022 నుంచి కంబైన్‌లో ఆ పరీక్ష ఎత్తేశారు.

ఇదంతా చదువుతుంటే నాకు మన అంబటి రాయుడు గుర్తొస్తాడు. 2018 ఐపీఎల్‌లో 602 పరుగులు చేసిన ఈ గుంటూరు ఆటగాణ్ణి ఇంగ్లండ్ వన్డేలకు ఎంపిక చేసి, జూన్‌లో యో-యో పరీక్షలో 16.1 మార్కు అందుకోలేదని తప్పించారు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ బాంగ్స్‌బో రూపొందించిన ఆ పరీక్షలో బీప్ శబ్దానికి తగ్గట్టు 20 మీటర్లు అటూఇటూ పరిగెడుతూ ఉండాలి. సెప్టెంబర్ ఆసియా కప్‌కు రాయుడు తిరిగొచ్చాడు, అక్టోబర్‌లో ముంబైలో వెస్టిండీస్ మీద సెంచరీ కొట్టాడు. జూన్‌లో ఆ బ్యాటింగ్ ఎక్కడికీ పోలేదు. యో-యోకూ కంబైన్‌కూ తేడా ఒకటుంది. యో-యో ఒక గడప. దాటితే చాలు, ఎంత ఎత్తున దాటావని అడగరు. కంబైన్ అంకెలను నిచ్చెనగా వాడతారు, 4.40 మెట్టు 4.45 మెట్టుకన్నా పైనని. నా మటుకు కంబైన్‌ను కూడా గడపగానే వాడాలి. మరీ నిదానంగా ఉన్న రిసీవర్‌ను చూసి ఆగి ఆలోచించండి, తప్పులేదు. గడప దాటిన తరువాత సెకనులో ఇరవయ్యో వంతు తేడా పట్టుకుని వరుస మార్చేయడం మాత్రం జాతకం చూసి పెళ్ళి చేయడం లాంటిదే.

జట్లకు ఇదంతా తెలియదని కాదు. 2014 నుంచి లీగ్ ఆటగాళ్ళ భుజం ప్యాడ్లలో చిన్న చిప్‌లు పెట్టి, అసలు ఆటలో ఎవరు ఎంత వేగంతో కదిలారో లెక్కిస్తోంది. 2016లో టైరీక్ హిల్ ఆట మధ్యలో గంటకు 23.24 మైళ్ళ వేగం అందుకున్నాడు. మన లెక్కలో 37 కిలోమీటర్ల పైమాట. ప్యాడ్లు వేసుకుని, తరుముతున్న వాళ్ళ మధ్య సాధించిన అలాంటి అంకె ముందు నిక్కరు పరుగు వెలవెలబోతుంది. అయినా 40 గజాల పరుగు ఎక్కడికీ పోదు. అది టీవీలో బాగుంటుంది. 2024లో జేవియర్ వర్తీ 4.21 సెకన్లతో రాస్ రికార్డును చెరిపేసినప్పుడు స్టేడియం హోరెత్తింది. వర్తీని కాన్సాస్ సిటీ 28వ పిలుపులో తీసుకుంది. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో అతను 157 గజాలు సంపాదించి రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. అతని జట్టు ఓడిపోయింది.

అసలు ఈ సంత ఎందుకు మొదలైందో చెప్పకుండా వదిలేశాను. 1982లో టాంపాలో మొదటిసారి 163 మంది ఆటగాళ్ళను ఒకచోట చేర్చింది పరుగు పందేలకు కాదు. ఒకే కుర్రాణ్ణి ప్రతి జట్టూ విడివిడిగా తన ఊరికి రప్పించుకుని మోకాళ్ళు, భుజాలు పరీక్ష చేయించడం ఖర్చు దండగ అనిపించి, డాక్టర్లందరినీ ఒకే దగ్గరికి తెచ్చారు. గుండె, కీళ్ళు, పాత గాయాలు చూసే ఆ వైద్య పరీక్షలే జట్లకు అన్నిటికన్నా పనికొచ్చే సమాచారమని అక్కడి అధికారులు చాలామంది ఒప్పుకుంటారు. ఆ గదిలోకి టీవీ కెమెరాలను రానివ్వరు.